నొప్పికి కాపలా కాసే ద్వారాలు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో, ఐ.ఐ.టి. ప్రాంగణానికి ఆనుకొని ప్రేమ్ బజార్ ఉన్నది. ఉదయం పూట అక్కడ కూరగాయల బేరం ఒక భాషలో మొదలై మరొక భాషలో ముగుస్తుంది. బెంగాలీ, హిందీ, ఒడియా మాటలతో పాటు తెలుగు మాట కూడ ఈ పట్టణంలో ఎవరికీ కొత్త కాదు. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలంలోనే ఉత్తరాంధ్ర నుండి వేలాది కుటుంబాలు కార్ఖానా పనుల కోసం ఇక్కడికి తరలి వచ్చాయి. తరువాతి కాలంలో రాష్ట్రపతి పదవిని అలంకరించిన వి.వి. గిరి 1927లో ఇక్కడి రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించిన వారిలో ముఖ్యులు. తెలుగుకు అధికార భాషా హోదా కల్పించాలని 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం నిర్ణయించినప్పుడు, ఆ నిర్ణయం వెనుక ఉన్నది ముఖ్యంగా ఈ పట్టణపు తెలుగువారే.

ఇటువంటి బజారులో ఒక విశ్రాంత రైల్వే కార్మికుని ఊహించవచ్చు. వయస్సు అరవై ఐదు. మధుమేహం సోకి పన్నెండేళ్ళు దాటింది. పగలు నడుస్తుంటే కాళ్ళ క్రింద దూది పరచినట్లు ఉంటుంది. రాత్రి పడుకుంటే అవే పాదాలు నిప్పుల మీద పెట్టినట్లు మండుతాయి. ఒకనాడు ఆయన బజారు నుండి ఇంటికి వచ్చిన తరువాత, ఒక కాలికి చెప్పు లేదన్న సంగతిని ఇల్లాలు గమనించింది. ఆయనకు తెలియనే లేదు. మరునాడు ఆయన మందుల దుకాణానికి వెళ్ళి, నొప్పి తగ్గే మాత్ర ఏదైనా ఇమ్మని అడిగాడు.

ఇది ఊహాచిత్రమే. కాని ఇటువంటి వారు మన దేశంలో ప్రతి ఊరిలోను కలరు. భారత వైద్య పరిశోధనా మండలి జరిపిన సర్వే ఫలితాలు 2023లో ప్రకటితమైనప్పుడు, దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలు మధుమేహంతో జీవిస్తున్నారని అంచనా వేయబడింది. వారిలో అనేకుల పాదాలలోని నాడులు కాలక్రమేణ దెబ్బతింటాయి. అందువల్ల ఆ వృద్ధుని ప్రశ్న చిన్నది కాదు. మొద్దుబారిన కాలు మండటం ఎలా సాధ్యం? మాత్ర శరీరంలో ఏ చోట పనిచేసి నొప్పిని అణచగలదు? ఈ ప్రశ్నలకు సమాధానంలో ఒక ముఖ్య భాగం, నాడీకణపు పొరలో ఉండే అతి సూక్ష్మమైన పొటాషియం ద్వారాలలో ఉన్నది.

మౌనం కూడ ఒక పనియే

స్పర్శ, వేడి, చలి, నొప్పి వంటి వార్తలను వెన్నుపాముకు చేరవేసే నాడులను జ్ఞాన నాడులు అంటారు. ఈ నాడీకణాల శరీరాలు వెన్నెముక ప్రక్కన ఉన్న నాడీసంధులలో గుంపులు గుంపులుగా ఉంటాయి. వాటి నుండి బయలుదేరిన సన్నని పోగు కాలి బొటనవ్రేలి వరకు సాగుతుంది. అనగా ఒకే ఒక కణం దాదాపు ఒక మీటరు పొడవు ఉండగలదు. శరీరంలో అన్నిటికంటె పొడవైన పోగులు ముందుగా దెబ్బతింటాయి. మధుమేహ బాధితులకు తిమ్మిరి, మంట ముందుగా పాదాలలోనే కనిపించడానికి ఒక కారణం ఇదే.

నాడీకణం వార్త పంపనప్పుడు నిద్రపోతున్నదని అనుకోవడం పొరపాటు. కణపు పొరలో ఒక పంపు నిరంతరం పనిచేస్తూ, మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోనికి తీసుకొంటుంది. దీని ఫలితంగా కణం లోపల పొటాషియం గాఢత బయటి కంటె సుమారు 30 రెట్లు ఎక్కువగా ఉంటుంది. పొరలో అక్కడక్కడ పొటాషియంకు మాత్రమే దారి ఇచ్చే ద్వారాలు ఉన్నాయి. శాస్త్రజ్ఞులు వీటిని పొటాషియం ఛానెళ్ళు అని పిలుస్తారు. ఈ ద్వారాల గుండా ధనావేశం గల పొటాషియం అయాన్లు కొద్దికొద్దిగా బయటికి జారిపోతూ ఉంటాయి. ధనావేశం వెలుపలికి పోయిన కొలది కణం లోపలి భాగం ఋణావేశంతో మిగులుతుంది. సాధారణంగా ఈ భేదం 60 లేక 70 మిల్లీవోల్టులు ఉంటుంది. ఇదే నాడీకణపు విశ్రాంతి స్థితి.

గుండుసూది గుచ్చుకొన్నప్పుడు సోడియం ద్వారాలు తెరుచుకొంటాయి. సోడియం లోనికి దూసుకు రావడంతో లోపలి ఋణావేశం క్షణమాత్రంలో తారుమారై, ఒక విద్యుత్ తరంగం పోగు వెంబడి పరుగెత్తుతుంది. ఆ వెంటనే పొటాషియం ద్వారాలు మరింతగా తెరుచుకొని, పొటాషియంను బయటికి పంపి, కణాన్ని తిరిగి పూర్వస్థితికి తెస్తాయి. ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో దీనిని వివరించడం కష్టం కాదు. ఆవిరి ఇంజనుకు రెగ్యులేటరు, బ్రేకు రెండూ ఉండేవి. నాడీకణానికి సోడియం ద్వారం రెగ్యులేటరు వంటిది. పొటాషియం ద్వారం బ్రేకు వంటిది. బ్రేకు పట్టు సడలితే, రెగ్యులేటరును కొద్దిగా కదిపినా బండి పరుగు తీస్తుంది.

మొద్దుబారిన కాలు మండటంలోని చిక్కు ఇక్కడ కొంత విడిపోతుంది. కొన్ని పోగులు నశించడం వల్ల స్పర్శ తగ్గుతుంది. మిగిలిన పోగులలో కొన్ని దెబ్బతిని, కారణం లేకుండనే వార్తలు పంపుతాయి. నాడికి గాయం చేసిన జంతువులపై జరిగిన ప్రయోగాలలో, జ్ఞాన నాడీకణాలు తయారుచేసే కొన్ని రకాల పొటాషియం ద్వారాల సంఖ్య తగ్గినట్లు కనుగొనబడింది. బ్రేకులు అరిగిన ఆ కణాలు చిన్న కదలికకే కేక వేస్తాయి. దుప్పటి తగిలినా మంట పుట్టడానికి ఇది ఒక కారణం. ఇది ఒక్కటే కారణమని మాత్రం చెప్పరాదు. సోడియం ద్వారాలలో మార్పులు, వెన్నుపాములో మార్పులు కూడ ఇందులో పాలు పంచుకొంటాయి.

ద్వారం రూపం తెలిసిన విధం

ఈ విషయాలన్నీ ఒక్కనాటిలో తెలిసినవి కావు. బ్రిటిష్ శాస్త్రజ్ఞులు హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు ఒక సముద్రజీవి యొక్క పెద్ద నాడీపోగుపై ప్రయోగాలు జరిపి, సోడియం, పొటాషియం ప్రవాహాల లెక్కలను 1952లో ప్రకటించారు. వారికి 1963లో నోబెల్ బహుమానం లభించింది. జర్మనీకి చెందిన నేహర్, సక్మన్‌లు 1976లో సన్నని గాజు గొట్టపు కొనను కణపు పొరకు అంటించి, ఒకే ఒక ద్వారం గుండా ప్రవహించే విద్యుత్తును కొలవగలిగారు. వారు 1991లో నోబెల్ బహుమానం పొందారు.

అప్పటికీ ఒక చిక్కు మిగిలే ఉన్నది. సోడియం అయాను పొటాషియం అయాను కంటె చిన్నది. పెద్దది దూరే దారిలో చిన్నది ఎందుకు దూరలేదు? అమెరికా శాస్త్రజ్ఞుడు రాడెరిక్ మెకినన్ 1998లో ఒక సూక్ష్మజీవికి చెందిన పొటాషియం ద్వారపు రూపాన్ని పరమాణువుల స్థాయిలో చిత్రించి దీనికి సమాధానం చెప్పాడు. అయాను చుట్టూ ఎప్పుడూ నీటి అణువులు అంటి ఉంటాయి. ద్వారంలో ప్రవేశించాలంటే ఆ నీటిని విడువాలి. ద్వారపు లోపలి గోడలలోని ఆక్సిజన్ పరమాణువులు, పొటాషియంకు సరిగా ఆ నీటి స్థానంలో అమరే దూరంలో ఉన్నాయి. చిన్నదైన సోడియంకు ఆ అమరిక కుదరదు కనుక అది నీటిని విడిచి లోనికి రాదు. ఈ కృషికి మెకినన్‌కు 2003లో నోబెల్ బహుమానంలో భాగం దక్కింది.

మానవ శరీరంలో పొటాషియం ద్వారాల నిర్మాణానికి సుమారు 80 జన్యువులు ఉన్నాయి. కొన్ని ద్వారాలు విద్యుత్ భేదాన్ని బట్టి, కొన్ని కాల్షియంను బట్టి తెరుచుకొంటాయి. మరికొన్ని ఎల్లప్పుడు కొద్దిగా తెరిచే ఉంటాయి. ఈ వైవిధ్యమే మందు తయారుచేసే వారికి ఆశ కలిగించింది. అదే వారిని చిక్కులలో కూడ పడవేసింది.

ద్వారాన్ని మూసివేసే పదార్థాలు

పొటాషియం ద్వారాన్ని మూసివేస్తే జ్ఞాన నాడికి ఏమవుతుంది? ఈ ప్రశ్నకు చక్కని సమాధానం ఒక వంట దినుసు ఇచ్చింది. నేపాల్‌లోను, డార్జిలింగ్ కొండలలోను వాడే తిమూర్ గింజను నాలుక మీద వేసుకొంటే, కారం కాని ఒక వింత జలదరింపు, తిమ్మిరి కలుగుతాయి. చైనాలోని సిచువాన్ ప్రాంతపు వంటలలో దీని దగ్గరి బంధువును వాడతారు. ఆయుర్వేదంలో తుంబురు అనే పేరుతో ప్రసిద్ధమైనది ఈ కుటుంబపు గింజయే.

ఈ చెట్ల కుటుంబానికి తెలుగునాటితో ఒక విశేషమైన సంబంధం కలదు. వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో పనిచేసిన కాలంలో, ఉత్తర సర్కారుల కొండలలో పెరిగే ఒక చెట్టును తెలుగువారు రచ్చమాను అని పిలవడం గమనించాడు. కొండ ప్రజలు దాని నీడలో రచ్చ తీర్చి, ఉమ్మడి విషయాలు చర్చించుకొనేవారని ఆయన వ్రాశాడు. ఆ తెలుగు మాటయే చెట్టు శాస్త్రీయ నామంలో రెట్సా అనే రూపంలో నేటికీ నిలిచి ఉన్నది. రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్ళాడు. ఒక శతాబ్దం తరువాత తెలుగు కార్మికులు బెంగాలుకు సాగించిన ప్రయాణాన్ని, ఆ చెట్టు పేరు ముందుగానే సాగించిందన్న మాట.

తిమ్మిరి కలిగించే ఈ గింజలలోని సాన్షూల్ అనే పదార్థంపై అమెరికాలో డయానా బౌటిస్టా, డేవిడ్ జూలియస్ ప్రభృతులు పరిశోధన జరిపి 2008లో ఫలితాలు ప్రకటించారు. ఎల్లప్పుడు కొద్దిగా తెరిచి ఉండే పొటాషియం ద్వారాలలో మూడు రకాలను సాన్షూల్ అడ్డగించి, స్పర్శకు సంబంధించిన నాడీకణాలను మేల్కొలుపుతుందని వారు తెలిపారు. పొటాషియం కారడం ఆగిపోతే కణం ఋణావేశం తగ్గి, ఎవరూ తాకకుండనే తాకినట్లు వార్త పంపుతుంది. 2013లో ప్రకటితమైన మరొక పరిశోధన ప్రకారం, ఆ జలదరింపు సెకనుకు సుమారు 50 సార్లు కంపించే వస్తువును తాకినట్లు అనుభూతమవుతుంది. మిరపకాయ కారం దీనికి భిన్నమైనది. అది పొటాషియం ద్వారాన్ని మూయదు. వేడిని గుర్తించే వేరొక ద్వారాన్ని తెరుస్తుంది. ఆ వేడి ద్వారాన్ని కనుగొన్నందుకు జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమానంలో భాగం లభించింది.

ప్రకృతిలో ఈ ద్వారాలను మూసే పదార్థాలు మరెన్నో ఉన్నాయి. మన దేశపు ఎర్ర తేలు విషం నుండి 37 ఎమినో ఆమ్లాలు గల ఐబీరియోటాక్సిన్ అనే పదార్థాన్ని వేరుచేసినట్లు 1990లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కాల్షియంను బట్టి తెరుచుకొనే ఒక పెద్ద పొటాషియం ద్వారపు నోటిని అది బిరడావలె మూసివేస్తుంది. తేలు కాటు బాధకు ఇది ఒక్కటే కారణం కాదు. సోడియం ద్వారాలను తెరిచి ఉంచే పదార్థాలు కూడ ఆ విషంలో ఉన్నాయి. ఒకవైపు రెగ్యులేటరు తెరిచి, మరొకవైపు బ్రేకు తీసివేసినట్లు ఆ విషం పనిచేస్తుంది.

మూసివేత అన్ని వేళలా హానికరం కాదు. బహుళ కాఠిన్యత అనే నాడీవ్యాధిలో పోగుల మీది తొడుగు ఊడిపోయి, పొటాషియం ఎక్కువగా కారి, వార్త దారిలోనే ఆగిపోతుంది. అట్టి రోగుల నడకను మెరుగుపరచడానికి, పొటాషియం ద్వారాలను మూసే ఫాంప్రిడిన్ అనే మందుకు 2010లో అమెరికాలో అనుమతి లభించింది. ఒకచోట విషమైనది మరొకచోట మందు కాగలదు.

శరీరం తనంతట తానే బ్రేకును సడలించే సందర్భాలు కూడ కలవు. దెబ్బ తగిలి వాచిన చోట బ్రాడీకైనిన్ అనే పదార్థం పుడుతుంది. జ్ఞాన నాడీకణాలలో శాస్త్రజ్ఞులు కె.వి.7 అని పిలిచే పొటాషియం ద్వారాలను ఇది మూతపడేటట్లు చేస్తుంది. వాపు ఉన్న చోట మెల్లగా తాకినా నొప్పి కలగడానికి ఇదొక కారణం. గాయపడిన భాగాన్ని కదపవద్దని శరీరం చేసే హెచ్చరిక అది.

ద్వారాన్ని తెరిచే మందులు

మూసివేత నొప్పిని పెంచితే, తెరవడం నొప్పిని తగ్గించాలి. ఈ తర్కం తెలియక ముందే అట్టి మందు ఒకటి విపణిలోకి వచ్చింది. ఫ్లూపర్టిన్ అనే నొప్పి నివారిణి 1984 నుండి జర్మనీలో వాడుకలో ఉండేది. అది నల్లమందు సంబంధమైనది కాదు. ఆస్పిరిన్ వర్గానికి కూడ చెందదు. అది పొటాషియం ద్వారాలను తెరిచి నాడీకణాలను శాంతపరుస్తుందని తరువాత తెలిసింది. మన దేశంలో కూడ అది అమ్మకానికి వచ్చింది.

ఫ్లూపర్టిన్ అణువును కొద్దిగా మార్చగా రెటిగాబిన్ అనే మందు లభించింది. ఇది కె.వి.7 ద్వారాలను మరింత బలంగా తెరుస్తుంది. జ్ఞాన నాడీకణాలలో ఈ ద్వారాలు ఉన్నాయనీ, రెటిగాబిన్ వాటిని తెరిచి నొప్పి వార్తలను తగ్గిస్తుందనీ 2003లో జంతువులపై జరిగిన ప్రయోగాలు నిరూపించాయి. మూర్ఛవ్యాధికి మందుగా దీనికి 2011లో ఐరోపాలోను, అమెరికాలోను అనుమతి లభించింది. నొప్పి విషయంలో మాత్రం ఆశించిన ఫలితం రాలేదు. దద్దుర్ల అనంతరం మిగిలే నాడీనొప్పికి దీనిని ఇచ్చి చూసిన పరీక్ష 2009లో విఫలమయింది.

ఈ రెండు మందుల కథ ఎలా ముగిసిందో ప్రతి వినియోగదారుడు తెలుసుకొనదగినది. ఫ్లూపర్టిన్ వాడిన కొందరిలో కాలేయం తీవ్రంగా దెబ్బతిన్నది. ఐరోపా ఔషధ సంస్థ 2013లో దాని వాడకాన్ని రెండు వారాలకు పరిమితం చేసి, ప్రతివారం కాలేయ పరీక్ష జరపాలని ఆదేశించింది. ఆ నియమాలు ఆచరణలో పాటింపబడనందున 2018లో ఐరోపాలో ఆ మందును పూర్తిగా ఉపసంహరించారు. రెటిగాబిన్ దీర్ఘకాలం వాడిన వారిలో చర్మం, గోళ్ళు నీలిబూడిద రంగుకు మారాయి. కంటి లోపలి పొరలో కూడ రంగు చేరింది. 2017లో తయారీదారు దానిని విపణి నుండి తొలగించాడు.

వంటింట్లోని ఒక ఆకు కూడ ఈ కథలో ప్రవేశించింది. కొత్తిమీరలోని డోడెసినాల్ అనే పదార్థం నాడీకణాలలోని కె.వి.7 ద్వారాలను బలంగా తెరుస్తుందని, ఎలుకలలో మూర్ఛను ఆలస్యం చేస్తుందని 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. ప్రేమ్ బజార్‌లో ఉదయాన్నే కట్టలుగా పేర్చి ఉండే ఆకులో అట్టి శక్తి ఉండటం ఆనందకరమే. కాని ప్రయోగశాలలో శుద్ధి చేసిన పదార్థం వేరు, పప్పులో వేసిన నాలుగు రెమ్మలు వేరు. కొత్తిమీర తినడం వల్ల పాదాల మంట తగ్గుతుందని ఏ పరిశోధన చెప్పలేదు.

అట్లే మరొక అపోహను కూడ తొలగించడం అవసరం. పొటాషియం ద్వారాలకు సంబంధించిన మందు అనగానే అరటిపండు, కొబ్బరినీరు వంటి పొటాషియం గల ఆహారం గుర్తుకు రావచ్చు. ఆహారంలోని పొటాషియం ద్వారాన్ని తెరవదు, మూయదు. రక్తంలో పొటాషియం పరిమాణాన్ని మూత్రపిండాలు కాపాడతాయి. మూత్రపిండాలు దెబ్బతిన్న మధుమేహ రోగి పొటాషియం ఎక్కువగా తీసుకొంటే గుండెకు ప్రమాదం కలుగవచ్చు.

జేబులోని మాత్ర

మన విశ్రాంత కార్మికునికి తెలియని సంగతి ఒకటి ఉన్నది. నొప్పి మాత్ర కొనక ముందే ఆయన పొటాషియం ద్వారంపై పనిచేసే మందును ప్రతిరోజు మ్రింగుతూ ఉండవచ్చు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ అనే మధుమేహపు మాత్రలు క్లోమంలోని కణాలలో ఉన్న ఒక పొటాషియం ద్వారాన్ని మూసివేసి, ఇన్సులిన్ విడుదలయ్యేటట్లు చేస్తాయి.

ఆ ద్వారం యొక్క కథ భీమవరంలో జన్మించిన ఒక తెలుగు శాస్త్రజ్ఞుని కృషితో ముడిపడి ఉన్నది. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడ ఆయన సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసి, కణాలకు శక్తినిచ్చే ఎ.టి.పి. అనే పదార్థాన్ని కండరాల నుండి వేరుచేసి 1929లో ప్రకటించారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడ స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. సోడియం, పొటాషియంలను మార్చే పంపు ఖర్చు చేసే ఇంధనం ఈ ఎ.టి.పి.యే. కణంలో ఎ.టి.పి. సమృద్ధిగా ఉన్నప్పుడు మూసుకొని, తగ్గినప్పుడు తెరుచుకొనే పొటాషియం ద్వారం ఒకటి గుండె కణాలలో ఉన్నదని 1983లో జపాను శాస్త్రజ్ఞుడు నోమా ప్రకటించాడు. అట్టి ద్వారాలే క్లోమంలోను, జ్ఞాన నాడీకణాలలోను కనిపించాయి.

ఎలుకల పాదాలలో నొప్పి కలిగించి, అక్కడే కొద్దిపాటి మార్ఫిన్ ఇచ్చిన ప్రయోగాలలో, నొప్పి తగ్గడానికి ఈ ద్వారాలు తెరుచుకోవడం తోడ్పడుతుందని తేలింది. అదే చోట గ్లిబెన్‌క్లమైడ్‌ను ఇవ్వగా మార్ఫిన్ ప్రభావం తగ్గిపోయింది. దీనిని బట్టి మధుమేహపు మాత్రలు మానవులలో నొప్పిని పెంచుతాయని భావించరాదు. ఎలుక పాదంలోకి నేరుగా ఇచ్చిన మందు వేరు, వైద్యుడు నిర్ణయించిన మోతాదులో మ్రింగిన మాత్ర వేరు. అదుపు తప్పిన చక్కెరయే నాడులకు ప్రధాన శత్రువు కనుక ఆ మాత్రలు మానడం ప్రమాదకరం. ఒక అవయవం కోసం తీసుకొన్న మందు వేరొక అవయవంలోని అటువంటి ద్వారాన్ని కూడ తట్టగలదన్నదే ఇక్కడ గ్రహింపవలసిన విషయం.

ఒకే తాళంచెవి, అనేక ఇళ్ళు

పొటాషియం ద్వారాలపై పనిచేసే నొప్పి మందు ఇంతవరకు స్థిరపడకపోవడానికి కారణం ఇదే. ఈ ద్వారాలు జ్ఞాన నాడులలో మాత్రమే ఉంటే సమస్య ఉండేది కాదు. కె.వి.7 కుటుంబపు ద్వారాలు మెదడులో, గుండెలో, రక్తనాళాలలో, మూత్రాశయంలో కూడ ఉన్నాయి. రెటిగాబిన్ వాడిన వారిలో కొందరికి తల తిరగడం, మూత్రం బిగుసుకోవడం అందువల్లనే కలిగాయి.

గుండెలోని పొటాషియం ద్వారాల విషయంలో మరింత జాగరూకత అవసరం. అక్కడ ప్రతి స్పందన తరువాత గుండె కణాన్ని విశ్రాంతికి తెచ్చే ఒక ద్వారం ఉన్నది. అనేక రకాల మందులు అనుకోకుండ దీనిని మూసివేయగలవు. అట్లు జరిగినప్పుడు గుండె లయ తప్పి ప్రాణాపాయం కలుగవచ్చు. జీర్ణకోశ వ్యాధులకు వాడిన సిసాప్రైడ్ అనే మందు ఈ కారణం చేతనే 2000లో అమెరికాలో ఉపసంహరింపబడింది. 2011లో మన దేశంలో నిషేధింపబడింది. నేడు ఏ కొత్త మందునైనా మానవులకు ఇచ్చే ముందు, గుండెలోని ఈ ద్వారంపై దాని ప్రభావాన్ని పరీక్షించడం తప్పనిసరి పద్ధతిగా మారింది.

పరిశోధకులు నేడు రెండు మార్గాలు అనుసరిస్తున్నారు. ఒకటి, మెదడులో ప్రవేశించకుండ శరీరపు అంచులలోని జ్ఞాన నాడులపై మాత్రమే పనిచేసే అణువులను నిర్మించడం. రెండవది, జ్ఞాన నాడులకే ప్రత్యేకమైన ద్వారాన్ని ఎన్నుకోవడం. ఈ రెండవ మార్గంలో సోడియం ద్వారాల వైపు ఒక విజయం లభించింది. నొప్పిని మోసే నాడులలో ఎక్కువగా ఉండే ఒక సోడియం ద్వారాన్ని మాత్రమే మూసే సుజెట్రిజిన్ అనే మందుకు 2025 జనవరిలో అమెరికాలో అనుమతి లభించింది. అది తీవ్రమైన తాత్కాలిక నొప్పికి ఉద్దేశింపబడినది. ద్వారాన్ని జాగ్రత్తగా ఎన్నుకొంటే, నల్లమందు వర్గం యొక్క వ్యసన భయం లేకుండ నొప్పిని తగ్గించడం సాధ్యమేనని ఆ మందు నిరూపించింది.

మధుమేహ నాడీనొప్పికి నేడు వైద్యులు ఇచ్చే ప్రీగాబాలిన్ నాడుల్లోని కాల్షియం ద్వారాల అనుబంధ భాగంపైన, డులోక్సెటిన్ వెన్నుపాములో నొప్పిని అణచే రసాయనాలపైన పనిచేస్తాయి. వీటికి కూడ మోతాదు, వయస్సు, మూత్రపిండాల స్థితిని చూడవలసి ఉన్నది. వీటిని ప్రక్కింటివారి చీటీ చూసి కొనడం తగదు. సాధారణ నొప్పి మాత్రలు నాడీనొప్పికి అంతగా పనిచేయవు. పైగా దీర్ఘకాలం వాడితే మూత్రపిండాలకు, జీర్ణకోశానికి హాని చేయగలవు.

పూర్తి నిశ్శబ్దం మంచిది కాదు

నొప్పిని శత్రువుగా మాత్రమే చూడటం కూడ సరికాదు. మండుతున్న పాదం బాధపెడుతుంది. ఏమీ తెలియని పాదం అంతకంటె ప్రమాదకరమైనది. చెప్పులో చేరిన చిన్న రాయి, కాలిన మచ్చ, బొబ్బ ఏదీ తెలియక పుండు పడి, చీము పట్టి, చివరకు కాలు తీసివేయవలసిన పరిస్థితి ఏర్పడిన వారెందరో ఉన్నారు. మంట తగ్గినంత మాత్రాన నాడి బాగుపడినదని భావించరాదు. ఒక్కొక్కసారి పోగులు పూర్తిగా నశించినందువల్లనే మంట ఆగుతుంది.

కనుక మధుమేహం గలవారు ప్రతిరోజు రాత్రి పాదాల అడుగు భాగాన్ని, వ్రేళ్ళ సందులను చూసుకోవాలి. వంగలేని వారు అద్దం సహాయం తీసుకొనవచ్చు, లేదా ఇంటివారిని చూడమనవచ్చు. చెప్పులు లేకుండ నడవరాదు. చెప్పు తొడుగుకొనే ముందు లోపల చేతితో తడిమి చూడాలి. వేడినీటిని పాదంతో కాక మోచేతితో పరీక్షించాలి. ఏడాదికి ఒక్కసారైనా వైద్యునిచేత పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. చెప్పు జారిపోయినా తెలియకపోవడం వృద్ధాప్యపు మరుపు కాదు. నాడి పంపిన చివరి హెచ్చరికలలో అది ఒకటి కావచ్చు.

ప్రేమ్ బజార్‌లో నడిచే మనుషుల మాటలు వేరు, వంటలు వేరు, పండుగలు వేరు. వారందరి పాదాల నుండి వెన్నుకు సాగే పోగులలో పొటాషియం ద్వారాలు మాత్రం ఒకే పద్ధతిలో పనిచేస్తూ నిశ్శబ్దాన్ని కాపాడుతున్నాయి. ఆ ద్వారాలను క్షేమంగా తెరిచే మందు నేటికింకా పరిశోధనాలయాలలోనే ఉన్నది. అది వచ్చేవరకు ఆ వృద్ధుడు మందుల దుకాణంలో అడగవలసిన ప్రశ్న వేరు. నొప్పి తగ్గే మాత్ర ఏది అని కాక, తన పాదాలను పరీక్షించే వైద్యుడు ఎక్కడ ఉన్నాడని ఆయన అడగాలి. ఏ భాషలో అడిగినా ఆ బజారులో సమాధానం చెప్పేవారు దొరుకుతారు.